ఆఖరి వరుస దాకా

పరశురామ్ ఏ పేరు వెతికినా ఒకటే పని చేసేవాడు. జవాబు తెర మీదికి వచ్చాక దాని మీద కుడిచేతి చూపుడువేలు ఆనించి, అక్కడి నుంచి మెల్లగా కిందికి, జాబితా ఆఖరి వరుస దాకా జరిపేవాడు. పందొమ్మిదేళ్ళలో ఆఫీసువాళ్ళు మూడు మానిటర్లు మార్చారు. మూడింటి మీదా నడిమధ్యలో నిలువుగా జిడ్డు గీత పడింది. కొత్తగా వచ్చినవాళ్ళు తెర పగిలిందనుకునేవారు.

"దొరికింది కదప్పా, ఇంగా ఏంది?" అనేవాణ్ణి.

"కింద గూడా సూడల్ల సిద్దేశప్పా."

అదొక్కటే అతని జబ్బు. మొదట దొరికినదాన్ని నమ్మడు.

రేషన్ కార్డులు చూసే ఆఫీసు మాది. అతను కంప్యూటర్ ఆపరేటరు. పక్క బల్ల దగ్గర వచ్చే కాగితాలు, పోయే కాగితాలు రాసుకునేవాణ్ణి నేను.

ఇంటికి పోయే కంప్లి బస్సు ఎక్కాలంటే పరశురామ్ ముందు బోర్డు చదువుతాడు. తర్వాత డ్రైవరును అడుగుతాడు. తర్వాత కండక్టరును. తర్వాత ఆఖరి సీటు దాకా నడిచి, అక్కడ నిద్రపోతున్నవాణ్ణి లేపి అడుగుతాడు. ఒకసారి ఆ సీటులోని ముసలాయన, "కాదు, కాశికి పోతాది. కూసో," అన్నాడు. పరశురామ్ దిగి, వెనక బస్సును విచారించడానికి పోయాడు. రెండు బస్సులూ వెళ్ళిపోయాయి. ఆ రోజు నడిచి ఇల్లు చేరాడు.

సంతలో పావుకిలో వంకాయలకు బుట్టంతా దిమ్మరిస్తాడు. కూరగాయల లక్ష్మక్క రెండుసార్లు ఓర్చుకుంది. మూడోసారి అడిగింది:

"వంకాయలు కొంటాండావా, పెండ్లాన్ని ఎతుకుతాండావా?"

పెళ్ళాన్నీ అట్లాగే వెతికాడు. మొదట చూసిన పిల్ల నచ్చింది. కింద కూడా చూద్దామన్నాడు. ఇప్పుడతనికి యాభై రెండేళ్ళు. మొన్న ఆ మొదటి పిల్ల కూతురి పెళ్ళికి వెళ్ళి, రెండు బంతులు వడ్డించి వచ్చాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుండేవి. ఒక్క అలవాటు మాత్రం ఎవరికీ నచ్చేది కాదు. తాలూకాలో ఎవరు పోయినా అతను హాజరు. తెలిసినవాళ్ళు కానక్కరలేదు. జనాన్ని తప్పించుకుని శవం దగ్గరికి పోయి, గుడ్డ తొలగించి ముఖం చూస్తాడు. ఏడుస్తున్నవాళ్ళను మెల్లగా అడుగుతాడు: "మొగుని పేరేంది? ఏ వీధి?" పదకొండో రోజు తిథి భోజనాల్లో పెట్టే బొబ్బట్ల ఆశ కాబోలనుకున్నారు. తిథి పరశురామ్ అని పేరు పెట్టారు. నేనూ అనేవాణ్ణి.

"ఈపొద్దు యా ఊర్లో ఓళిగలప్పా?"

నవ్వేవాడు. సంచి తీసుకుని వెళ్ళిపోయేవాడు.

పోయిన నెలాఖరులో అతనికి జ్వరం వచ్చింది. పది రోజులు సెలవు పెట్టాడు. ఆ సెలవులోనే చనిపోయినవాళ్ళ జాబితా వచ్చింది. అరవై ఒక్క పేర్లు. సాయంత్రంలోగా వాళ్ళ కార్డులు కొట్టేయాలన్నాడు ఆఫీసరు. వచ్చిన జాబితాలో కార్డు నంబర్లు లేవు. పేరు, తండ్రి పేరో మొగుడి పేరో, ఊరు. అంతే.

దానికి లుకప్ అని ఒక సూత్రం ఉంది. ఆ మూడూ కలిపి ఇస్తే పెద్ద జాబితాలో వెతికి, పక్క గడిలోని నంబరు తెచ్చి పెడుతుంది. పరశురామ్ మూడు రోజులు కూర్చునే పని. నేను సూత్రం రాసి, కిందిదాకా లాగాను. నాలుగు నిమిషాలు. అరవై ఒక్క నంబర్లు వచ్చాయి. కొట్టేశాను. ఆఫీసరు నా భుజం తట్టాడు.

ఒకటి మరిచాను. లుకప్ మొదటి పేరు దొరకగానే ఆగిపోతుంది. మా దిక్కున అవ్వ పేరు మనవరాలికి, తాత పేరు మనవడికి పెడతారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు నలుగురికి ఉంటుంది. వయసు చూసి గుర్తుపడదామంటే, ముసలివాళ్ళంతా జనవరి ఒకటో తేదీనే పుట్టినట్టు రాసి ఉంటుంది.

మూడో తేదీన పరశురామ్ పనిలోకి వచ్చాడు. అదే రోజు తెక్కలకోట నుంచి ఒక అవ్వ వచ్చింది. నోట్లో ఒక్క పన్ను లేదు. ప్లాస్టిక్ కవరులో కార్డు.

"నాయనా, నేను సచ్చిపోయినానంట."

నేను కవరులోంచి కార్డు తీసుకున్నాను.

"మిషన్ మీద ఏలు పెడితే అట్ల సెప్పిందంట. ఎట్ల సచ్చినానని అడిగితి. అంగడాయనకు తెల్దంట. మీకన్నా తెలుసేమోనని వస్తి."

ఆమే నవ్వింది. తర్వాత నేల మీద కూర్చుంది.

"మూడు దినాల నుంచి తిరగతాండా. సచ్చినోళ్ళకు బియ్యం రావంటాడు. డబ్బాలో అడుగు కనపడతాంది నాయనా."

నంబరు కొట్టి చూశాను. కొట్టేసింది నేనే.

"నీ పేరు మీద చావు రాసుండాదవ్వా," అన్నాను. ఒక మనిషి ముఖం మీద ఆ మాట అనడం అదే మొదలు.

పరశురామ్ లేచి వచ్చాడు. "పేరు?"

"నింగమ్మ."

"మొగుని పేరు?"

"భీమప్ప."

అతను నా తెర మీద వేలు పెట్టాడు. నింగమ్మ, భీమప్ప భార్య, తెక్కలకోట. కిందికి జరిపాడు. ఇంకో నింగమ్మ, భీమప్ప భార్య. ఇంకా కిందికి. మూడో నింగమ్మ. అక్కడ వేలు ఆగింది.

"పోయింది ఈయమ్మ. కోట వీధి. గదవ మీద మచ్చ. నేను మొగం సూసినా."

జ్వరంతోనే వెళ్ళాడట. సొరుగు లాగి పొడుగాటి నోటుబుక్కు తీశాడు. తాలూకాలో ఒకే పేరున్నవాళ్ళంతా అందులో ఉన్నారు. ఊరు, వీధి, చివర ముఖం. మొదటి నింగమ్మ: పళ్ళు లేవు, నవ్వుతుంది. రెండో నింగమ్మ: కుడి కంట్లో పువ్వు. మూడో నింగమ్మ: గడ్డం మీద మచ్చ. పక్కన చిన్న అడ్డగీత, తేదీ.

"అయితే ఆ తిథి భోజనాలు?" అన్నాను.

"తిథికి ఎప్పుడు పోయినా? నీళ్ళు గూడా తాగను యాడా. మొగం సూసి వచ్చేస్తా."

"ముందే చెప్పచ్చు కదప్పా."

"సెప్తి కదా, కింద గూడా సూడల్లని."

నోటుబుక్కు మూశాడు. తర్వాత, నా వైపు చూడకుండా చెప్పాడు.

"చేరిన మొదటి ఏడాది సోమప్ప అని ఒకాయన్ని కొట్టేసినా. మొదట దొరికినాడని. మూడు నెలలు కట్టె పట్టుకోని వచ్చె. సరిచేస్తాండామంటిమి. నాలుగో నెల రాలేదు. నేనే పోయినా."

"పోతే?"

"అప్పటికి లిస్టు నిజమైండె."

మిగిలిన అరవై పేర్లూ ఆ మధ్యాహ్నం మళ్ళీ చూశాం. ఈసారి నా వేలు పెట్టమన్నాడు. జిడ్డు గీత మీదుగా ఆఖరి వరుస దాకా అరవైసార్లు జరిపాను. బతికున్నవాళ్ళు ఇంకో ఇద్దరు దొరికారు. ముగ్గురినీ బతికించమని కాగితం పెట్టాం. ఆఫీసరు ఈసారి భుజం తట్టలేదు. సంతకం పెట్టి, నాలుగు రోజులు పడుతుందన్నాడు. చంపడానికి నాలుగు నిమిషాలే పట్టింది.

"అంతదాకా నేను సచ్చే ఉండాల్నా?" అంది నింగమ్మ.

"రేపొద్దున తయారుగా ఉండవ్వా," అన్నాడు పరశురామ్. "నువ్వూ రా సిద్దేశప్పా."

మర్నాడు పొద్దున అతను నింగమ్మను అడిగి తెచ్చిన స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని కోట వీధికి వచ్చాడు. ఆ రోజు మూడో నింగమ్మ పదకొండో దినం. ఇంటివాళ్ళతో విషయమంతా చెప్పాడు. వాళ్ళ పెద్దకొడుకు అవ్వ చేయి పట్టుకుని తీసుకెళ్ళి, మొదటి బంతిలో మొదటి ఆకు ముందు కూర్చోబెట్టాడు. పక్కన పరశురామ్ కూర్చున్నాడు. అతని పక్కన నేను. తిథి పరశురామ్ తిథికి కూర్చోవడం అదే మొదటిసారని నాకొక్కడికే తెలుసు.

ఓళిగల బుట్ట వచ్చింది. వడ్డించేవాడు పైనున్నది తీసి అవ్వ ఆకులో వేయబోయాడు. పరశురామ్ దాని మీద చూపుడువేలు ఆనించి చూశాడు. అంచు గట్టిగా ఉంది.

"ఇది నాకెయ్యప్పా," అన్నాడు. "అవ్వకు పండ్లు లేవు. కింద గూడా సూడు, మెత్తనివి ఉంటాయి."