స్వీడన్ వెళ్లిన సాయన్న పాట

స్వీడన్‌లో ఉన్న ఒక పాటల కంపెనీని బహ్రెయిన్‌లో కూర్చుని ముంచినవాణ్ణి నేను. ఎలాగూ మీరు నవ్వుతారు కాబట్టి దాచకుండా చెబుతాను.

అప్పుడు నేను అక్కడి అస్కర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్‌కీపర్‌ని. మా ఇంజనీరు ఎరిక్ స్వీడన్ మనిషి. డ్యూటీ ఇక్కడే అయినా ప్రాణమంతా సొంత ఊళ్లో పెట్టుకున్న చిన్న రికార్డుల కంపెనీ మీదే. పెద్ద కంపెనీలు ముట్టని పాటల్ని వెతికి రికార్డులు వేసేవాడు. అది అప్పటికే ఈడ్చుకుంటూ నడుస్తోంది.

ఒక శుక్రవారం ఎరిక్ మా కూలీల క్యాంపుకొచ్చాడు. మాతో పనిచేసే జగిత్యాల సాయన్న బట్టలు ఉతుకుతూ పాడుతున్నాడు.

"గిన్నెల దూకితి, ఈత గొడితి, అద్దరి ఇద్దరి ఎతికితి, ఒక్క బద్ద దొరకకపాయె..."

వంటమనిషి గంగారాం పోసే నీళ్ల పప్పు మీద సాయన్న కట్టిన పాట అది. రాగం మాత్రం గుండెలు పిండేస్తుంది. ఎరిక్ కళ్లు తడిశాయి.

"దేని గురించి పాడుతున్నాడు?"

ఆ కళ్లను చూస్తూ పప్పు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ప్రియురాలి కోసం నదిలో ఈదుతూ వెతుకుతున్నాడు సార్."

"దొరుకుతుందా?"

"దొరకదు సార్." ఈ ఒక్క ముక్కా నిజమే.

పాట రికార్డు చేస్తానన్నాడు. సాయన్న వెనకాడాడు. "గంగారామన్నకు ఎరుకైతే ఎట్ల?"

"స్వీడన్‌ల ఎవలకు ఎరుకైతది సాయన్నా?" అన్నాను, ప్రపంచమంతా తిరిగొచ్చినవాడిలా.

నది బొమ్మతో రికార్డు వచ్చింది. అక్కడి రేడియోలో మోగింది. కంపెనీ లేచి నిలబడింది. సాయన్నతో మరో రికార్డుకు కవర్లు కూడా అచ్చయ్యాయి. ఎరిక్ ఆ సంబరంలో ఇక్కడే సనాబిస్‌లో హాలు తీసుకుని తెలుగువాళ్లందరినీ పిలిచాడు. భోజనాలు గంగారాంకే అప్పగించాడని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

సాయన్న పాట మొదలుపెట్టాడు. మొదటి మాటకు ఎవరో దగ్గారు. 'ఒక్క బద్ద' దగ్గరికొచ్చేసరికి హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. గంగారాం గరిటెతో ముందుకొచ్చాడు.

"ఇది నా పప్పు మీదనే గదా, సాయన్నా?"

సాయన్న నేల చూశాడు. ఎరిక్ నన్ను చూశాడు. "ఇంత విషాదానికి నవ్వెందుకు?"

నేనింకా రెండో అబద్ధం వెతుక్కుంటున్నాను. ఈలోపు హైదరాబాదు డ్రైవర్ ఖదీర్ భాయ్ అందుకున్నాడు. "సార్, నది లేదు, అమ్మాయి లేదు. అంతా దాల్."

ఎరిక్ కుర్చీలో కూలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అబద్ధం నేను అమ్మలేను. నిజం ఎవరూ కొనరు," అన్నాడు. కొద్ది నెలలకే కంపెనీ మూసేశాడు.

కానీ ఆ రోజు హాల్లోంచి కదిలే ముందు, "మా దేశంలో ఈ పాట విని జనం ఏడ్చారు," అన్నాడు మెల్లగా. అది సాయన్నకు చెప్పాను. సాయన్న తల పైకెత్తాడు.

"పాపం. ఆళ్లకు గూడ గిట్లనే నీళ్ల పప్పు పోస్తున్నరా?"

"ఏమంటున్నాడు?" అని అడిగాడు ఎరిక్.

ప్రాణం పోయినా ఇక ఎవరి మాటకూ అర్థం చెప్పనని ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను.

"తెలియదు సార్," అన్నాను.