పదో తరగతిలో పదిహేనేళ్లు

మా కాశిబుగ్గ కట్టయ్యన్నకు బీడీ అలవాటు లేదు, కల్లు అలవాటు లేదు, సినిమాల పిచ్చి అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే అలవాటు. ఏటా మార్చి నెలలో పదో తరగతి పరీక్షకు కూర్చోవడం, ఇంగ్లిషులో ఫెయిల్ కావడం.

మొదటిసారి కూర్చున్నది 1972లో. అప్పటికే ఆయనకు ముప్పై నాలుగేళ్లు. మగ్గం మీద దుప్పట్లు నేసేవాడు. చేనేత సంఘంలో గుమాస్తా పని ఖాళీ అయితే, పది పాసైన వాళ్లకే ఇస్తామన్నారట. తక్కిన సబ్జెక్టులన్నీ ఆ ఏడే గట్టెక్కాయి, ఇంగ్లిషు ఒక్కటి మిగిలింది. మరుసటి ఏడు నేనూ ఆయనా ఒకే గదిలో పరీక్ష రాశాం. నేను పాసై, ఇంటర్ చదివి, బీఎస్సీ చదివి, బీఎడ్ ముగించి, వరంగల్‌లోనే ఒక హైస్కూల్లో టీచరుగా చేరి చూస్తే ఆయన ఇంకా పదిలోనే ఉన్నాడు. గుమాస్తా పని ఎప్పుడో ఇంకెవరికో పోయింది. పరీక్ష ఆయన్ని వదల్లేదు, ఆయన పరీక్షను వదల్లేదు. పేరుకు తగ్గట్టు ఏటా ఫీజు కట్టేవాడు కట్టయ్య.

చదువంతా మగ్గం మీదే. నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పోతే "గో", అటు నుంచి ఇటు వస్తే "వెంట్", దెబ్బ పడితే "గాన్". మగ్గం చప్పుడును బట్టి ఆ రోజు ఏ పాఠం నడుస్తోందో వాడకట్టంతా చెప్పగలిగేది. "ఈట్, ఏట్, ఈటన్" దగ్గర మగ్గం జోరందుకుంటే ఆయన భార్య మల్లవ్వ వదిన పళ్లెం కడిగి అన్నం వడ్డించేది.

హాల్ టికెట్ కోసం మొదటి ఏడు తీయించుకున్న ఫొటోనే ఆయన ఏటా అంటించేవాడు. ఫొటోలో మీసం నల్లగా, జుట్టు ఒత్తుగా ఉండేది. మనిషికి రెండూ మారిపోయాయి. ఒక ఏడు కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఆ టికెట్టును ఇటూ అటూ తిప్పి, కొడుకు పరీక్ష తండ్రి రాయడం నేరమని గట్టిగా మందలించాడు. కట్టయ్యన్న లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నేనే సారూ. జర ఆలస్యమైంది, గంతే."

ఒక్కడే మాత్రం ఎన్నడూ పరీక్షకు పోయేవాడు కాదు. జనవరి దాటిందంటే తోడు కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు. సగంలో బడి మానేసిన వాళ్లు, పెళ్లయి చదువాగిపోయిన ఆడవాళ్లు, ముప్పై దాటి మళ్లీ పుస్తకం ముట్టని వాళ్లు దొరికితే వదిలేవాడు కాదు. తనకు ఒక్కడికే పోవాలంటే సిగ్గని, కాసేపు పక్కన కూర్చుంటే పుణ్యముంటుందని బతిమాలేవాడు. పోరు పడలేక వాళ్లూ ఫారం నింపేవాళ్లు. సాయంత్రాలు సంఘం గోదాములో నూలు బేళ్ల మధ్య కూర్చోబెట్టి తనకు వచ్చిన ఇంగ్లిషు వాళ్లకు చెప్పేవాడు.

వింతేమిటంటే, అలా తోడు వెళ్లిన వాళ్లు పాసయ్యేవాళ్లు. చెప్పిన ఆయన తప్పేవాడు. బాలకిషన్ పాసై కరెంటాఫీసులో చేరాడు. లక్ష్మీనర్సమ్మ పాసై నర్సు ట్రెయినింగుకు పోయింది. చివరికి కాశిబుగ్గ తల్లులకు ఒక నమ్మకం కుదిరింది. కట్టయ్య పక్క బెంచీ పడితే పిల్లలు గట్టెక్కుతారని, దరిద్రమంతా ఆయనే గుంజుకుంటాడని. హాల్ టికెట్లు రాగానే, మా వాడి నంబరు నీ నంబరు పక్కకేనా అని అడగడానికి ఆయన ఇంటికి వచ్చేవాళ్లు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు హోటల్ దగ్గర జనం మూగేవాళ్లు. కట్టయ్యన్న అందరి నంబర్లూ వెతికి పెట్టేవాడు, పాసైన వాళ్లకు తనే చాయ్ చెప్పేవాడు. తన నంబరు వెతికే పని మాత్రం పెట్టుకునేవాడు కాదు. అప్పుడు అది నాకు నవ్వులాటగా ఉండేది. మా స్టాఫ్ రూములో ఆయన గొంతును అనుకరించి నలుగుర్ని నవ్వించిన వాణ్ని నేనే.

1981లో ఆయన తోడు శ్యామలమ్మ. భర్త పోయి రెండేళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. బాల్వాడీ టీచరు పని ఉందన్నారు, పది పాసు కావాలన్నారు. మిగతావన్నీ ముందటేడే గట్టెక్కింది, ఇంగ్లిషు పోయింది. ఆ గేటు దగ్గర పిల్లల మధ్య నిలబడాలంటే ప్రాణం పోతోందని, ఇక రాయనని కూర్చుంది. కట్టయ్యన్న వారం రోజులు వాళ్ల గడప వదల్లేదు.

ఆ ఏడు నాకు ఆ సెంటర్లోనే డ్యూటీ పడింది. పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర గోల వినిపించి చూశాను. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు, చంకలో అట్ట, పెళ్లికొడుకులా కట్టయ్యన్న వస్తున్నాడు. పిల్లలు తాత వచ్చిండంటూ ఈలలు వేశారు. ఆయన అట్ట జారవిడిచాడు, వంగి తీశాడు, పెన్నులు పడేశాడు, మళ్లీ వంగాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ సందట్లో తలమీద కొంగు కప్పుకున్న ఒకామె వాళ్ల వెనక నుంచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె శ్యామలమ్మ అని తర్వాత గదిలో చూసినప్పుడు గానీ నాకు తెలియలేదు.

మూడు గంటలూ నా కన్ను ఆయన మీదే ఉంది. ప్రశ్నపత్రం మీద పెన్సిలుతో గబగబా ఏదో రాసుకున్నాడు. తర్వాత పెన్ను మూసి, ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు. జవాబు కాగితాలు వసూలు చేస్తే ఆయనవి దాదాపు ఖాళీగా ఉన్నాయి. నంబరు, కిందుగా ఆవు మీద నాలుగు వాక్యాలు.

సాయంత్రం సైకిల్ మీద పోతూ ఆయన్ని దారిలో కలుసుకున్నాను. శ్యామలమ్మ చాలా ముందు నడుస్తోంది. ప్రశ్నపత్రం అడిగి తీసుకుని చూశాను. పెన్సిల్ జవాబులన్నీ సరైనవే. మా బళ్లో ఫస్టు వచ్చే పిల్లలు కూడా అంత శుభ్రంగా రాయరు.

"ఇన్ని తెలిసినోడివి పేపర్ల ఎందుకు రాయలె అన్నా?"

ఆయన నా చేతిలోంచి ప్రశ్నపత్రం మెల్లగా తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాస్తే పాసయిత గద తమ్మీ. పాసయినోణ్ని మళ్ల కూసోనియ్యరు."

కాస్త దూరం నడిచాక అన్నీ చెప్పాడు. మొదటి రెండుసార్లూ నిజంగానే తప్పాడట. మూడోసారి తయారయ్యే పోయాడు. ఆ రోజు గేటు దగ్గర బాలకిషన్‌ను చూసి, కొడుకును దింపడానికి వచ్చావా అని పిల్లలు నవ్వితే, అతను వెనక్కి తిరిగి పోతుండగా కట్టయ్యన్న చెయ్యిపట్టి లాక్కొచ్చాడు. పిల్లల చూపు బాలకిషన్ను వదిలి తన నెరుస్తున్న మీసం మీద పడింది. తన వల్ల ఇంత పని అవుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

"నవ్వెటోళ్లకు ఒక్కడు దొరికితె సాలు. నన్ను జూసి నవ్వుకుంట ఉంటరు, గంతల ఆమె లోపలికి పోతది. నాకేం పోయింది చెప్పు."

ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నాకు మాత్రం సిగ్గేసింది. మర్నాటి నుంచి స్టాఫ్ రూములో ఆ అనుకరణ మానేశాను. మరుసటి జనవరి నుంచి గోదాములో లెక్కలు చెప్పడానికి నేనూ కూర్చున్నాను. శ్యామలమ్మ పాసై బాల్వాడీలో చేరింది. తన చెల్లెల్ని పంపింది. ఒకరి వెనక ఒకరు వచ్చారు. 1985లో కాశిబుగ్గ నుంచి పదహారు మంది పెద్దవాళ్లు ఒక్కసారే పరీక్షకు నడిచి వెళితే, ఎవర్ని చూసి నవ్వాలో గేటు దగ్గరి పిల్లలకు తోచలేదు. జరిగి దారిచ్చారు.

ఆ ఏడు కట్టయ్యన్నకు ఏం తోచలేదు. అట్ట జారవిడిచినా ఎవరూ చూడలేదు.

మల్లవ్వ వదిన నోరు విప్పింది ఆ తర్వాతే. పదమూడేళ్లుగా మగ్గం పక్కన నూలు కండెలు చుడుతూ ఆమె విన్న పాఠాలకు లెక్క లేదు. తనూ పది రాస్తానంది. కట్టయ్యన్న సంబరపడి, ఫికర్ లేదు, తోడు నేనొస్తా అన్నాడు. ఆమె చేతిలో కండె పక్కన పెట్టింది.

"నేను నీ ఎన్క దాసుకొని పోను. నువ్వు మంచిగ రాసి పాసయితనంటెనే కూసుంట. ఇన్నేండ్ల సంది నాకు తెల్వదనుకున్నవా?"

ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

1986 మార్చిలో ఇద్దరూ రాశారు. ఇద్దరూ పాసయ్యారు. ఇంగ్లిషులో ఆమెకు యాభై రెండు, ఆయనకు నలభై ఏడు. జవాబు కాగితం మీద రాసే అలవాటు తప్పి టైము చాల్లేదని ఆయన నాతో చెప్పుకున్నాడు.

మెమోలు తీసుకుని ముగ్గురం బడి నుంచి బయలుదేరాం. తన మెమో మడిచి జేబులో పెట్టుకుని, ఆమెది రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. ఎదురైన ప్రతి గడప దగ్గరా ఆగి, యాభై రెండు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. పది నిమిషాల దారి గంటయినా తెగలేదు. తొమ్మిదో ఇంటి దగ్గర వదిన ఆ కాగితం లాక్కుని, ఇక చాలు నడవమని కసిరి ముందుకు సాగింది.

కోపంగానే నడిచింది. కానీ నేను చూశాను, ఇంటికి మళ్లే సందు వచ్చినా ఆమె మళ్లలేదు. తిన్నగా పోయి, అవతలి వరసలో మొదటి ఇంటి తలుపు కొట్టింది.