అక్షరం మారే రెండు సెకన్లు

మా మేనత్త పనిచేసే ఆఫీసులో ఏ ఇద్దరి వయసు కలిపినా ఆమె వయసుకు సరిపోదు. ఆమెకు యాభై ఒకటి. పొడవాటి బల్ల చివర, ప్రింటరు పక్కన ఆమెకు చోటిచ్చారు. ప్రింటరు పనిచేసినప్పుడల్లా బల్ల వణుకుతుంది, దాంతోపాటు ఆమె కంప్యూటరు తెర కూడా. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు.

అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఆమె రబ్బరు స్టాంపులు చేసింది. ఆఫీసులుండే వీధిలో మెట్ల కింద చిన్న గది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, అచ్చు తీసి, దానిలో రబ్బరు పెట్టి వేడిగా ఒత్తి, అంచులు బ్లేడుతో కోసి చెక్కపిడికి అంటించేది. పేర్చిన అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మనం పేపరు చదివినంత హాయిగా ఆమె తిరగబడ్డ అక్షరాలు చదివేది. సంతకాలు కంప్యూటర్లలోకి వెళ్లిపోయాక స్టాంపు అడిగేవాళ్లు తగ్గారు. వారమంతా కూర్చున్నా ఒక్కరూ రాని రోజులొచ్చాక, ప్రెస్సు అమ్మేసి, గది తాళం ఇచ్చేసి, వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పే కోర్సులో చేరింది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఈ వయసులో ఇదేం పని అత్తా?" అన్నాను.

"పనేం మారిందే? అప్పుడూ అక్షరాలే, ఇప్పుడూ అక్షరాలే. చేతులకి సిరా అంటదు, సబ్బు మిగులుద్ది," అంది.

ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే, ఎవరో అప్పటికే పూర్తిచేసిన ఒక బట్టల దుకాణం సైటు చూసి, "ఈ బటన్ల మీద అక్షరాలకి కాళ్లు నరికారెందుకు?" అని అడిగిందట. వాళ్లు ఇంగ్లీషుకు సరిపోయేంత ఎత్తే ఇచ్చారు. మన వొత్తులు కిందికి దిగుతాయి కదా, ఆ కింది భాగం కనబడకుండా పోయింది. అంతకుముందు ఐదుగురు చూశారు, ఒక్కరికీ తట్టలేదు. ఆ రోజు నుంచి ఓనరు ఆమెను కాస్త గౌరవంగా చూడసాగాడు. ఓనరంటే ఇరవై ఏడేళ్ల కుర్రాడే. ఆమెను ఆంటీ అంటాడు.

మూడో నెలలో పిల్లల ఆసుపత్రి సైటు పని వచ్చింది. దానికి ఫాంటు ఎంచే బాధ్యత అత్తకిచ్చాడు. అత్త పదకొండు రోజులు తీసుకుంది. ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు నలభై రకాల ఫాంట్లలో ఒకే వాక్యం అచ్చువేసిన కాగితాలు వంటింటి గట్టు మీద పరిచింది. మా చంటిది, ఎనిమిది నెలలది, అందులో ఒకటి నమిలేసింది.

"అది పోయినా పర్లేదులే. దానికి కడుపు లేదు," అంది అత్త.

"కడుపేంటి?"

"అక్షరం లోపల ఖాళీ ఉంటుంది చూడు, అది. స్టాంపులో కడుపు చిన్నదైతే సిరా నిండిపోయి మూసుకుపోతుంది. ఫోన్లోనూ అంతే. అక్షరం చిన్నదయ్యేసరికి కడుపు మూసుకుని నల్లటి చుక్కలా అయిపోద్ది."

చివరికి ఒకటి ఎంచింది. గుండ్రంగా, విశాలంగా, కడుపు నిండా పాలు తాగి పడుకున్న పిల్లలా ఉందా ఫాంటు. నమూనా చూపిస్తే ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని, "ఇదే. ఇది చూస్తే భయం పోతుంది," అందట. ఆ ఫాంటు చూశాకే ఆసుపత్రివాళ్లు పని ఖాయం చేశారు. ఆ సంగతి అత్త నాకు ఫోనులో మూడుసార్లు చెప్పింది, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు.

ఆ తర్వాత ట్రయల్ పేజీ లింకు పంపి, "చూసి చెప్పవే, తప్పులుంటే మొహమాటపడకు," అంది. నేను చదివింది బయోకెమిస్ట్రీ. మా పిల్ల తుమ్మినా టైము రాసిపెట్టుకునే రకం. ఆ బుధవారం పొద్దున పిల్లకు నూటరెండు జ్వరం వచ్చింది. లిఫ్టు పాడైతే దాన్ని ఎత్తుకుని మెట్లు దిగుతున్నాను. డాక్టరు నంబరు కావాలి, మనసుకు ముందుగా తట్టింది అత్త పంపిన పేజీయే. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో ఫోను. మెట్ల మీద సిగ్నలు అంతంతమాత్రం. పేజీ వచ్చింది, "ఇప్పుడే ఫోను చేయండి" అన్న బటను కనబడింది, బొటనవేలు పెట్టబోయాను. పెట్టే లోపే అక్షరాలన్నీ ఒక్కసారి మారి, పేజీ కిందికి జారింది. నా వేలి కింద ఫోను బటను లేదు. ఆసుపత్రి కొత్త భవనం ప్రారంభోత్సవం ఫోటోలు తెరుచుకున్నాయి.

మెట్ల మీద నిలబడి, ఒళ్లు కాలిపోతున్న పిల్లను పట్టుకుని, రిబ్బను కత్తిరిస్తున్న పెద్ద డాక్టరమ్మను చూశాను.

రెండోసారి ఫోను కలిసింది. ఏం చేయాలో చెప్పారు, సాయంత్రానికి జ్వరం దిగింది. అప్పుడు అత్తకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మర్నాడు పొద్దున్నే పిల్లను చూడటానికి ఆమే వచ్చింది. చెప్పేశాను.

అత్త టక్కున లేచింది. నా ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. ఫోను తనలో దాచుకున్న ఆ పేజీ పాత కాపీ తుడిచేసి, మళ్లీ మళ్లీ తెరిచి చూశాం. నేను లెక్క రాశాను. ఇరవైసార్లలో పదకొండుసార్లు వేలు తప్పు చోట పడింది.

కారణం ఆమెకు వెంటనే అర్థమైంది. నాకు బట్టలు మడతపెడుతూ చెప్పింది. వెబ్ ఫాంటంటే ఫోనులో ముందే ఉండేది కాదు, పేజీతోపాటు ఎక్కడినుంచో దిగి రావాలి. మన అక్షరాలకు గుణింతాలూ వొత్తులూ కలిపి వందల రూపాలు, అందుకే ఇంగ్లీషు ఫాంటుకు పదింతల బరువు. పైగా సన్నం, మామూలు, లావు అని మూడు రకాలు పెట్టింది. అదంతా దిగేదాకా ఫోను తన సొంత అక్షరాలతో పేజీ చూపిస్తుంది. కొత్తవి రాగానే మార్చేస్తుంది. ఆమె ఎంచిన అక్షరం విశాలం కాబట్టి రెండు వరుసల్లో పట్టిన మాట మూడో వరుసకు పాకుతుంది, దాని కిందున్నవన్నీ దిగజారతాయి.

"సగటున రెండు సెకన్లే అత్తా," అన్నాను ఓదార్పుగా. "మంచి సిగ్నలుంటే అదీ ఉండదు."

"నీ సగటు నాకెందుకే? ఆ రెండు సెకన్లకే కదా నీ చంకలో పిల్ల ఉండగా వేలు తప్పింది?"

అక్కడే స్పీకరు పెట్టి ఓనరుకు ఫోను చేసింది. ఆసుపత్రివాళ్లకు పేజీ చూపించేది మర్నాడే.

"బాబూ, ఆ ఫాంటు తీసేస్తున్నా."

"ఆంటీ! వాళ్లు ఒప్పుకుందే అది చూసి కదా?"

"ఎంచింది నేనే, తీసేసేదీ నేనే."

"మన ఆఫీసులో చక్కగా వస్తోంది కదండీ. ఎక్కడా జారట్లేదు."

"జ్వరమొచ్చిన పిల్లల్ని మన ఆఫీసుకి తీసుకొస్తారా ఏంటి?"

"ఆంటీ, మీ మంచికే చెప్తున్నా. సోమవారంతో మీ మూడు నెలలూ అయిపోతాయి. ఈ పని పోతే మిమ్మల్ని ఉంచుకోడానికి నా దగ్గర ఇంకో పని లేదు. రేపు ఉన్నదే చూపిద్దాం, తర్వాత మెల్లగా మార్చుకుందాం."

"తర్వాతెవరు మారుస్తారు బాబూ? నేను ఉంటేగా," అని పెట్టేసింది.

పెట్టేశాక టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ప్రెస్సు అమ్మేసింది. గది వేరేవాళ్లు తీసుకున్నారు. వెనక్కి వెళ్లడానికి ఏదీ మిగల్లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అదే ఫాంటు ఉంచి ఊరుకుంటే ఎవరికీ ఏదీ తెలియదు. పైగా అది తను మనసుపడి ఎంచుకున్న అక్షరం.

"రేపు పదకొండింటికి పిల్లనేసుకుని ఆసుపత్రికి రా," అంది లేస్తూ. "ఎక్స్‌రే గది దగ్గర కూర్చో."

"నేనెందుకత్తా?"

"వాళ్లు కుర్చీలో చేరబడి పెద్ద తెర మీద చూస్తారు. పిల్లని ఎత్తుకుని ఎవరూ చూడరు."

ఎక్స్‌రే గది నేలమాళిగలో ఉంది. గోడలు మందం, సిగ్నలు ఒక గీత ఉంటే గొప్ప. పదకొండుంబావుకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు అత్త, వెనక పెద్ద డాక్టరమ్మ, ఆ వెనక పేషంటు మొహంతో ఓనరు. దారిలో ఒక ఆయాను కూడా వెంటపెట్టుకొచ్చింది, ఆమె ఫోను కోసం. మూల పగిలిన పాత ఫోను అది.

"పైన చూశాం కదమ్మా, చాలా బాగుంది. మళ్లీ ఇక్కడెందుకు?" అంది డాక్టరమ్మ వాచీ చూసుకుంటూ.

"నేను ఇదివరకు స్టాంపులు చేసేదాన్ని మేడమ్. స్టాంపు ఇచ్చేముందు నున్నటి తెల్లకాగితం మీద కొట్టి చూపిస్తే అది కాగితం గొప్ప. మేం మాత్రం పొట్లాలు కట్టే గరుకు కాగితం మీద కొట్టేవాళ్లం. దానిమీద చదవొస్తేనే చేతికిచ్చేది. ఇది మీ పొట్లం కాగితం." అత్త ఆయా ఫోను తీసుకుని డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ముందు ఈ పిల్లని ఎత్తుకోండి."

నేను పిల్లను అందించాను. అది తక్షణం స్టెతస్కోపు నోట్లో పెట్టుకుంది.

"దీనికి ఫిట్సొచ్చాయి అనుకోండి. ఆసుపత్రికి ఫోను చేయండి," అంది అత్త.

అనుకోవడానికి కూడా వేరే మాట దొరకలేదా ఈవిడకి? డాక్టరమ్మ ఒక చేత్తో పిల్లను సర్దుకుంటూ, ఇంకో చేతి బొటనవేలితో బటను నొక్కింది. పేజీ జారింది.

"ఇదేంటి, నా ఫోటో వచ్చింది?"

"చీర బావుంది మేడమ్ అందులో," అంది ఆయా.

ఎవరూ నవ్వలేదు. తర్వాత డాక్టరమ్మే నవ్వింది, ఆ తర్వాత ఆపేసింది. "ఇది నిజంగా జరుగుతుందా?"

"మొన్న నాకే జరిగిందండీ," అన్నాను. "ఇరవైకి పదకొండుసార్లు జరిగింది."

అత్త అదే ఫోనులో రెండో పేజీ తెరిచింది. రాత్రికి రాత్రి చేసింది కాదు, ముందురోజు మధ్యాహ్నం నుంచి కూర్చుని చేసింది. కింద మాటలన్నీ ఫోను సొంత అక్షరాల్లోనే ఉంచింది. ఫోను బటను పైకి, ఆసుపత్రి పేరు కిందికే తెచ్చి, కదలకుండా చోటు ఖాయం చేసింది. డాక్టరమ్మ నొక్కింది. పైఅంతస్తులో రిసెప్షనులో ఫోను మోగింది. "హలో, పిల్లల ఆసుపత్రి," అని గొంతు వినబడగానే పిల్ల కూడా ఏదో జవాబిచ్చింది.

డాక్టరమ్మ పేజీని పైకీ కిందికీ జరిపి చూసింది. "మరి ఆ అక్షరాలు? నాకవి చాలా నచ్చాయి."

"నాక్కూడా మేడమ్. పైన చూడండి, మీ ఆసుపత్రి పేరు దాంట్లోనే ఉంది. ఆ పేరుకి కావాల్సిన అక్షరాలు మాత్రం కోసి పెట్టాను. పదోవంతు బరువు కూడా లేదు, పైగా అది ఆలస్యమైనా కింద ఏదీ కదలదు."

"పేరు ఇంకొంచెం పెద్దగా కనబడాలి."

"దానికేం, గోడంత చేస్తా."

"గోడంత వద్దులెండి." పిల్లను నాకిచ్చి, తడిసిన స్టెతస్కోపు తుడుచుకుంటూ ఓనరు వైపు తిరిగింది. "రెండోదే పెట్టండి. మా మందుల దుకాణం సైటు కూడా ఉంది. అదీ ఈవిడే చూడాలి."

మెట్లెక్కుతుంటే ఓనరు నాతో మెల్లగా, "ఈవిడ ఇంట్లో కూడా ఇంతేనా అండీ?" అన్నాడు. ఇంతకన్నా ఎక్కువే అన్నాను. ఆ మాట అంటుంటే గర్వంతో నా గొంతు పెద్దదైంది, ముందు వెళ్తున్న అత్త వెనక్కి తిరిగి చూసింది.

సోమవారం ఓనరు అత్తకు ఉద్యోగం కాగితం ఇచ్చాడు. అందరూ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారట. అత్త పెన్ను తీసి, కాగితం అడుగున ఆగింది.

"ఈ చీమల బారు ఏంటి బాబూ?"

"అవి మామూలు షరతులే ఆంటీ. అందరికీ అవే."

"మామూలువైతే చదవడానికి వీలుగా కొట్టొచ్చుగా. పెద్దగా కొట్టి తీసుకురా, అప్పుడు పెడతా సంతకం."

ఓనరు ప్రింటరు దగ్గరికి వెళ్లాడు. పెద్ద అక్షరాల్లో వచ్చిన కాగితాన్ని నడుస్తూ తనే చదువుకున్నాడు, చదువుతూ సగం దారిలో ఆగిపోయాడు. ఎక్కడినుంచో తెచ్చుకుని ఏళ్లుగా అందరికీ ఇస్తున్న ఆ కాగితంలో, ఏ కారణం చెప్పకుండా ఎప్పుడైనా పనిలోంచి తీసేయొచ్చనే వాక్యం ఉంది. ఆఫీసులో ఐదుగురూ దానికిందే సంతకాలు పెట్టి ఉన్నారు. అతను చెవుల దాకా ఎర్రబడి, పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాడు.

"నాదొక్కటేనా?" అంది అత్త.

మిగతా ఐదు కాగితాలు బీరువాలోంచి తీసి, వాటిలోనూ ఆ వాక్యం కొట్టేయడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. ఆరోదానిమీద, అన్నిటికన్నా చివర, అత్త సంతకం పెట్టింది.