ఎత్తొస్తే వెనకాల అమ్మ ఉంది కదా

మొన్న పొద్దున్న అరకు బజారులో కూరలు కొనుక్కుని ఇంటికి వస్తుంటే, చెత్త ఎత్తే మూడు చక్రాల తొక్కుడు బండి ఒకటి ఎదురైంది. ఆకుపచ్చ రంగు ఇంకా మిలమిలలాడుతోంది, అంత కొత్తది. సీటు మీద కూర్చోలేక ఒక మగమనిషి నిలబడి, ఒంటి బరువంతా పెడళ్ళ మీద వేసి తొక్కుతున్నాడు. వెనకాల ఒక ఆడమనిషి నడుం వంచి, తల దించుకుని, రెండు చేతులతో తోస్తోంది. అదేమీ ఘాట్ రోడ్డు కాదు, నాలాంటి మోకాళ్ళ నొప్పుల మనిషి కూడా ఆయాసం లేకుండా ఎక్కగల చిన్న ఎత్తు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బండ్లు పంచిపెట్టిన రోజున మెడలో దండతో ఎవరో పెద్దమనిషి ఖాళీ బండి ఎక్కి, సిమెంటు నేల మీద ఒక చుట్టు తిరిగి, భేషుగ్గా ఉందని ఫోటో దిగి ఉంటాడు. నేను చూడలేదు, అయినా ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే మా నాన్న కూడా బండి అలాగే కొన్నాడు.

మన వయసు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సరుకంతా రైల్లో అరకు స్టేషనుకి దిగేది, అక్కడి నుంచి సంతలకి చేర్చడానికి జీపులు ఒకటో రెండో తప్ప ఉండేవి కావు, అవీ షావుకార్లవి. మాది శృంగవరపుకోట వైపు వ్యవసాయపు కుటుంబం. వ్యవసాయం కలిసిరాక మా నాన్న కొండ మీదికి వచ్చి, ఉప్పు బస్తాలు, ఉల్లిపాయలు, ఎండు చేపలు డుంబ్రిగుడ సంతకి తోలే పని పెట్టుకున్నాడు. దానికోసం కొన్నదే ఆ బండి: ముందొక చక్రం, వెనకాల రెండు చక్రాల మీద బల్ల, సైకిలుకి ఉన్నట్టే గొలుసు.

ఆ బండిలో అసలు సంగతంతా పళ్ళ చక్రాల్లోనే ఉంటుందని నాకు చాలా చిన్నప్పుడే తెలిసింది. పెడళ్ళ దగ్గర ఉండే పళ్ళ చక్రం పెద్దదై, వెనకది చిన్నదైతే ఒక్క తొక్కుకే బండి చాలా దూరం పోతుంది, చదునులో హుషారుగా ఉంటుంది, ఎత్తులో మాత్రం మొండికేస్తుంది. ముందుది చిన్నదీ వెనకది పెద్దదీ వేస్తే కాళ్ళు కుట్టుమిషను తొక్కినట్టు తిరుగుతూనే ఉంటాయి, బండి నత్తలా పోతుంది, కానీ ఎంత బరువునైనా ఎత్తు ఎక్కించేస్తుంది. బరువు బండికి, అందులోనూ కొండల్లో, ఏది కావాలో చెప్పడానికి చదువక్కర్లేదు. మా నాన్న షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పళ్ళ చక్రం ముందు వేయించుకున్నాడు. కొత్త బండిని షాపు ముందర తారు రోడ్డు మీద ఖాళీగా తొక్కి చూసి, గాల్లో తేలిపోతోందని మురిసిపోయి కొనుక్కోవడం అప్పట్లో అందరికీ ఉన్న అలవాటే. ఖాళీ బండి తొక్కడానికి ఎవడైనా బండి కొంటాడా అని ఒక్కరికీ తోచేది కాదు.

మా చిన్న మావయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, శృంగవరపుకోటలో సైకిలు షాపు ఉండేది. ఆయనకీ నాన్నకీ పెళ్ళినాటి నుంచీ పొసగదు, ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెమంటారు. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి బండిని చూసి, నోరు ఊరుకోక అననే అన్నాడు.

"ఏటి బావా, ఇంత సెక్రం ఎట్టించినావు? బరువు కట్టి, ఎత్తులో తొక్కి సూసుకోవద్దా?"

దానికి నాన్న బీడీ ముట్టించుకుంటూ చెప్పిన జవాబు ఇన్నేళ్ళయినా నాకు మంటగానే ఉంది.

"ఎత్తొత్తే ఎనకాల మీ అప్ప ఉంది కదా!"

అప్ప అంటే అక్క, మా అమ్మ. ఆ చక్రం తెలియక వేయించింది కాదన్నమాట. లెక్క చూసుకునే వేయించాడు. చదునులోనూ పల్లంలోనూ ఆయన రాజాలా దూసుకుపోవాలి, టీ కొట్టు దగ్గర నలుగురూ చూడాలి. ఎత్తు వచ్చినప్పుడు ఆ తక్కువ పడ్డ బలమంతా మా అమ్మ నడుం పూడ్చాలి. ఆవిడ మాత్రం సరుకు బండి వెనకాల పరుగులాంటి నడక నడుస్తూ, పల్లంలో వెనకబడిపోయి, మళ్ళీ ఎత్తు మొదలయ్యే చోట ఆయన విసుక్కుంటూ ఆగి ఉంటే వగర్చుకుంటూ వెళ్ళి చేతులు ఆనించేది. "ఏటే, సేతులు పడిపోనాయేటి? బేగి తొయ్యి" అని సీటు మీంచి కేక. బడి లేని రోజుల్లో నేనూ వెళ్ళి అమ్మ పక్కన ఒక చెయ్యి వేసేదాన్ని. పసుపు కొమ్ముల గంపలతో సంతకి నడిచే కొండవాళ్ళు మమ్మల్ని చూసి వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకునేవారు. వాళ్ళల్లో మగాళ్ళు కావిడి మోసేవారు, ఆడవాళ్ళు గంప మోసేవారు, ఎవరి బరువు వాళ్ళది. మాలో మటుకు ఇద్దరి బరువూ ఒకరిదే.

అలా ఏళ్ళు గడిచాక అమ్మకి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. తుండుగుడ్డ నడుముకి బిగించి కట్టుకుని తోసేది. నొప్పి ఓర్చుకోలేక ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరమ్మ లోపల అవయవం జారుతోందని, ఇంకా బరువులు తోస్తే మనిషి దక్కదని చెప్పింది. ఆ మాట విని నాన్న చేసిందేమిటంటే, ఒక్క వారం నొసలు చిట్లించుకుని ఊరుకున్నాడు, పై వారం అమ్మకి తుండుగుడ్డ తనే అందించాడు. నాకు ఆరోజు ఆయన్ని కొరికేయాలనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా అనిపిస్తుంది, చచ్చిపోయిన మనిషిని ఏం కొరుకుతాం.

అమ్మ నాన్నతో తగువు పెట్టుకోలేదు. మర్నాడు రైలెక్కి కోట వెళ్ళి, తమ్ముణ్ణీ, తమ్ముడి షాపులోని చక్రాల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. మావయ్య ముందుదానికి చిన్నదీ, వెనకదానికి పెద్దదీ వేసి, గొలుసు సరిచేసి, బస్తాలు కట్టించి, బావా నువ్వే తొక్కు అని సీటు చూపించాడు. నాన్న బూతులు తిడుతూనే ఎక్కాడు, డుంబ్రిగుడ దారిలో అన్నిటికన్నా పెద్ద ఎత్తు దాకా తిడుతూనే పోయాడు. అక్కడ మాత్రం నోరు మూతపడింది. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, బండి మెల్లగా, ఎవరి చెయ్యీ లేకుండా, ఎక్కేస్తోంది. పక్కన నడుస్తున్న అమ్మ చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు కొంగు పట్టుకుని ఉన్నాయి. ఎత్తు పైకి చేరాక ఆవిడ నవ్విన నవ్వు నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

కథ అక్కడితో అయిపోతే నేను ఇంత కోపంగా రాయను. పై వారం సంతకి నాన్న బండి మీద మామూలుకన్నా ఎక్కువ బస్తాలు వేశాడు. కొత్త చక్రాలు తేలిగ్గా లాగుతున్నాయి గనక ఇంకాస్త లాగనీ అన్నది ఆయన తెలివి. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి బండి మళ్ళీ మొరాయించింది, నాన్న మళ్ళీ వెనక్కి తిరిగి తొయ్యమన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తేలికైనదంతా ఆయన ఖాతాలోకే వెళ్ళిపోయింది, అమ్మ ఉన్నచోటే ఉంది.

అమ్మ కాసేపు ఆ బస్తాల వంక చూసింది. చీర ఎగదోపుకుంది. తోయడానికే అనుకున్నాను. వెనక చక్రం మీద కాలు పెట్టి, తాడు పట్టుకుని, ఉప్పు బస్తాల మీదికి ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"దిగే! ఏటి సేత్తన్నావు? మతిపోనాదేటి?" అని నాన్న అరిచాడు.

"ఇంత బరువు లాగిన బండి నన్ను లాగలేదేటి? తొక్కు" అంది అమ్మ. గొంతు కూడా పెంచలేదు.

దారిన పోయే కొండవాళ్ళు గంపలు దించి మరీ నిలబడిపోయారు. ఒక ముసలావిడ అమ్మని చూసి చేతులు చరిచింది. దిగి అమ్మని లాగేద్దామంటే బండి వెనక్కి దొర్లిపోతుంది, తొక్కుదామంటే కదలదు. నాన్న ముఖం చూసి నాకు జాలి వేసిందని చెబితే మర్యాదగా ఉంటుంది గాని, వెయ్యలేదు. చివరికి నన్ను పిలిచి చక్రాల కింద రాళ్ళు పెట్టమని, దిగి, బస్తాలు రోడ్డు పక్కకి దించాడు. ఒకటి దించి చూశాడు, ఇంకొకటి దించాడు. అమ్మ మటుకు దిగలేదు. ఆవిడ కూర్చున్న బండిని తొక్కగలిగినన్ని బస్తాలే మిగిలేదాకా దించి, కాళ్ళు గిరగిరా తిప్పుకుంటూ ఎత్తు ఎక్కించాడు. దించిన సరుకుకి నన్ను కాపలా పెట్టి వెళ్ళి, మళ్ళీ వచ్చి పట్టుకెళ్ళాడు. ఆ తరవాత సంతలన్నిటికీ అమ్మ బండి మీద కూర్చునే వెళ్ళింది. ఆవిడ దిగి ఉంటే ఆ చోటులో ఇంకో బస్తా పడుతుందని ఆవిడకి తెలుసు.

ఆ బండీ లేదు, వాళ్ళిద్దరూ లేరు. నాన్న పోయినప్పుడు అందరితోపాటు ఏడ్చాను, కోపం మటుకు ఏడుపుతో పోలేదు. దారి కూడా మారిపోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఎత్తుని మిషన్లు పెట్టి చెక్కేశారు, ఇప్పుడు ఆటోలు గేరు మార్చకుండా, టూరిస్టులు పాటలు పెట్టుకుని, అక్కడ ఒక ఎత్తు ఉండేదని తెలియకుండానే దాటిపోతారు. మంచి పనే చేశారు, కాదనను. కానీ మా అమ్మ మొదటిసారి కూర్చున్న చోటు ఎవరికైనా చూపించాలంటే, నేనిప్పుడు రోడ్డు మీద నిలబడి ఆకాశంలోకి వేలు చూపించాలి.