చుట్టు తిరిగి రండి

ట్రాఫిక్ విషయంలో నా అంత తెలివితక్కువవాడు బైలదిల్లా కొండ మీద గానీ, కింద గానీ మరొకడు లేడు. ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత మీరు కనిపెట్టి చెబితే ఇంకా సిగ్గు.

నేను ఇనుపరాయి గనిలో డంపరు తోలతాను. దాని టైరు నాకంటే ఎత్తు. క్యాబిన్‌లోకి నిచ్చెన ఎక్కి వెళ్ళాలి. గని దారుల్లో జీపులు పొడుగాటి కర్రకి ఎర్రజెండా కట్టుకుని తిరుగుతాయి, పైన కూర్చున్న నా కంటికి ఆనక చక్రాల కింద పడతామన్న భయంతో. నేను ఎదురొస్తే అందరూ పక్కకి జరగాలి, నేను ఎవరికీ జరగక్కర్లేదు. ఏళ్ళ తరబడి అలా తోలాక, భూమ్మీద ఉన్న రోడ్డంతా తనకోసమే వేశారన్న నమ్మకం మనిషికి మెల్లగా పట్టుకుంటుంది. డంపరు తోలేవాడికి టెంపరు ఉండకూడదని మా ఫోర్‌మన్ అనేవాడు. నాకు టెంపరు లేదు. ఆ ఖాళీలో తెలివి ఉందనుకోవడమే నేను చేసిన పొరపాటు.

మా ఆవిడది దోర్నపాల్ అవతల ఓ పల్లె, నాది విజయనగరం వైపు. కొండ కింద బచేలీలో, గనివాళ్ళిచ్చిన క్వార్టర్‌లో మా ఇద్దరి తెలుగులూ ఎదురెదురు బండ్లలా ఒకదాన్నొకటి తప్పించుకుంటూ తిరిగేవి. ఆవిడ కూరగాయల బేరం హల్బీలో చేసేది, పక్కింటివాళ్ళతో హిందీ మాట్లాడేది, పుట్టింటినుంచి ఎవరైనా వస్తే దోర్లీలోకి దిగేది. నన్ను తిట్టడానికి మాత్రం తెలుగునే నమ్ముకుంది.

చిన్నప్పుడు ఆవిడ ఒకసారి జగదల్‌పూర్ దసరాకి వెళ్ళింది. బస్తర్ దసరాకి ఊరూరి దేవతలూ రావాలి కదా, వాళ్ళ ఊరి దేవత గొడుగు మోసే పని ఆవిడ తండ్రిది. దేవతతో పాటు కూతుర్నీ లారీ ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. దశమి నాడు పొద్దుననగా వచ్చి చౌక్‌లో బట్ట పరుచుకుని కూర్చున్నారట. సాయంత్రం ఎనిమిది చక్రాల రథం కదిలి వచ్చే వేళకి పిల్ల తండ్రి భుజం మీద నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి రోడ్డు మీద చక్రాల గాడి తప్ప ఏమీ లేదు. మళ్ళా ఏడు చూద్దువులే అన్నాడట తండ్రి. ఆ మళ్ళా ఏడు రాలేదు. ఆ వైపు రోజులు చెడ్డాయి, ఊళ్ళవాళ్ళు దూరం ప్రయాణాలు మానుకున్నారు. తర్వాత నాతో పెళ్ళయింది. నాతో పెళ్ళంటే షిఫ్టులతో పెళ్ళే. మా టౌన్‌షిప్‌లో దసరా అంటే ఆంధ్రావాళ్ళ పందిరి, పులిహోర, మైదానంలో రావణుడికి నిప్పు. ప్రతి ఏడూ పందిరి దగ్గర కూర్చుని ఆవిడ ఆ నిద్ర కథ చెప్పేది. ప్రతి ఏడూ నేను, ఆ జనంలో పడలేం, ట్రాఫిక్, అనేవాణ్ణి.

తర్వాత ఆవిడ గుండె చెడింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. రక్తం వెళ్ళే దారులు మూసుకున్నాయి, బైపాస్ చేద్దామంటే ఈ శరీరం తట్టుకోదు, మందులతోనే నెట్టాలి అన్నాడు. తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చుని ఆవిడ అంది:

"రోడ్ల మీద ఎన్ని బైపాస్‌లు కనిపెట్టినవయ్యా నువ్వు. నాకొక్కటి దొరకలే."

నవ్వాను. నవ్వు మధ్యలో ఏదో తేడాగా అనిపించి, బోగీ తలుపు దగ్గరికి వెళ్ళి మిగతాది అక్కడ పూర్తిచేసుకుని వచ్చాను.

ఆ దసరాకి ఆవిడ అడగలేదు, చెప్పింది. ఈసారి రథం చూడాలె అంది. ఎలా చూడాలో కూడా ఆవిడకి తెలుసు. వాళ్ళ ఊరివాళ్ళలాగే పొద్దున్నే వెళ్ళాలి, సిరాసార్ చౌక్‌లో బట్ట పరుచుకోవాలి, రథం వచ్చేదాకా లేవకూడదు. అంతే. ఇందులో ట్రాఫిక్ ఎక్కడుంది అని అడిగింది.

నాకు మాత్రం అందులో ఎండ కనిపించింది, తొక్కిడి కనిపించింది, డాక్టరు గీసిన బొమ్మ కనిపించింది. అందుకని నా పథకం నేను వేశాను. మధ్యాహ్నం భోంచేసి పడుకుని తాపీగా బయలుదేరుతాం. సాయంత్రానికి ఊళ్ళోకి వెళ్తాం. పెద్ద రోడ్లన్నీ వదిలేసి నాకు తెలిసిన సందుల్లోంచి కారుని చౌక్ పక్కకి చేరుస్తాను. ఆవిడ సీట్లోంచి దిగకుండానే రథం చూస్తుంది. ఇది వివరించినప్పుడు ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. డంపరు కింద పడబోయే జీపుని చూసినట్టు ఉంది ఆ చూపు.

దారి ఖాళీగా ఉంది. గీదం దాటాక మరీ ఖాళీ. కిలేపాల్ దగ్గర ఇళ్ళ ముందు మనుషులే లేరు. రోడ్డు బాగుంది కదా అని మురిసిపోయాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, రథం లాగేది ఈ ఊళ్ళోళ్ళే, అందరూ పొద్దున్నే పోయిండ్రు, మనమే ఉన్నం ఈడ, అంది. మనకి రోడ్డు వదిలి వెళ్ళారు, మంచివాళ్ళు, అన్నాను. ఈ మాటకి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

జగదల్‌పూర్‌లో మొదటి బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ కర్ర అడ్డం పెట్టి, "ఆగే సే ఘూమ్‌కే ఆవో" అన్నాడు. ముందుకెళ్ళి చుట్టు తిరిగి రమ్మని. తిరిగాం. అక్కడ ఇంకో బారికేడ్, ఇంకో కర్ర, అదే మాట. నా సందులోకి దూరాను. నాకు తెలిసిన సందు ఊళ్ళో ప్రతి ఆటోవాడికీ తెలుసు. వెనక్కి రావాలంటే నా వెనక నాలాంటి తెలివైనవాళ్ళే వరసగా ఉన్నారు. బయటపడ్డాక మళ్ళీ కర్ర, మళ్ళీ ఘూమ్‌కే. తిరునాళ్ళలో తిరు ఏమైందో గానీ, తిరుగుడు మాత్రం మాకు పూర్తిగా దక్కింది.

దిగి నడుద్దామా అంది. ఆవిడ నాలుగడుగులకి ఆగి ఊపిరి తీసుకునే మనిషి. వద్దన్నాను. ఇంకొక్క మలుపు అన్నాను.

ఆ మలుపులో ఉండగా రథానికి పోలీసుల తుపాకుల వందనం మోగింది. తర్వాత మోహ్రీ సన్నాయిలు, డోళ్ళు, జనం ఒక్క గొంతుతో వేసే కేక. మా ముందు ఓ మినీ లారీ, దాని వెనక తలుపు మీద హారన్ కొట్టమని రాసి ఉంది. రథం శబ్దం ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదిలి వెళ్ళిపోయింది. ఆవిడ దాన్ని వింటూ, మేడల మీదుగా తల తిప్పుతూ ఉండిపోయింది, గోడ అవతల నడిచే మనిషి అడుగులు విన్నట్టు. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

"ఈసారి నిద్రపోలే నేను," అంది. తిట్టలేదు. నాకు తిట్లు అలవాటు కాబట్టి చాలా కష్టంగా ఉంది.

లాడ్జిలో దిగాక ధైర్యం తెచ్చుకున్నాను. రేపు పొద్దున్నే వెళ్దాం, పండగ అయిపోతుంది, జనం ఉండరు, రథం రాజమహల్ ముందు నిలబడి ఉంటుంది, నీ ఇష్టమొచ్చినంతసేపు చూద్దువుగాని అన్నాను. దశమి దాటితే దసరా అయిపోయినట్టే కదా అనుకునే మా టౌన్‌షిప్ ఆంధ్రావాళ్ళం మాత్రమే ఇలాంటి మాట అనగలం.

ఆవిడ మంచం మీద కూర్చుని నవ్వింది.

"రేపు ఏడుంటది? ఈ రాత్రికి ఎత్కపోతరు గదా."

"ఎవరు?"

"లాగినోళ్ళే. కిలేపాలోళ్ళు. కుమ్హ్‌డాకోట్ అడవిల దాస్తరు. రాజుగారు పోయి, వాళ్ళతోటి కొత్త బియ్యం తిని, బతిమాలుకుంటె మళ్ళా ఇస్తరు."

ఏడిపిస్తోంది అనుకున్నాను. అంత రథాన్ని, అంతమంది పోలీసుల మధ్య, చౌరస్తాలోనే చౌర్యమా అన్నాను. పెళ్ళయిన కొత్తలో, తమ ఊళ్ళో ఇప్పపువ్వు తిన్న ఎలుగుబంట్లు పాటలు పాడతాయని నమ్మించిన మనిషి ఆవిడ.

పొద్దున్నే వెళ్ళాం. ఒక్క బారికేడ్ లేదు. కారు నేరుగా మహల్ ముందు ఆపాను, ఎవరూ ఏమీ అనలేదు. రథం లేదు. ఊడ్చేవాళ్ళు నలిగిన పువ్వులూ ప్లాస్టిక్ కప్పులూ కుప్పలు చేస్తున్నారు. రోడ్డు మీద చక్రాల గాడి ఉంది. ఆవిడ దిగి, ఆ గాడి పక్కన నిలబడి, చెప్పుతో దాని అంచుని కాసేపు తాకింది. చిన్నప్పుడు చూసింది కూడా దాన్నే.

కుమ్హ్‌డాకోట్ దూరం కాదు. అటు తిప్పాను. ఊరంతా అటే తిప్పింది. సగం దారిలో ఆవిడ పెదాల రంగు మారడం చూశాను. రథం సంగతి వదిలేసి, అడ్డదిడ్డంగా కారు వెనక్కి తిప్పి, అందరిచేతా బూతులు తిట్టించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆక్సిజన్ పెట్టారు. కొంచెం తేరుకున్నాక నా మొహం చూసి జాలిపడింది.

"బాధపడకయ్యా. వీళ్ళు మంచి దొంగలు. ఎత్కపోయింది మళ్ళా తెచ్చిస్తరు. వచ్చే ఏడు చూద్దాం."

మరి కాసేపాగి, నాకూ ఒక కర్రకి జెండా కట్టు, మందిల కలిసిపోతే పైనుంచి కనబడాలె గదా నీకు, అంది.

ఇప్పపూలు రాలే రోజుల్లో పోయింది. వంటింట్లో, పొయ్యి మీద పాలు పెట్టి. నేను కొండ మీద ఉన్నాను. కబురు వైర్‌లెస్‌లో వచ్చింది. డంపరు పక్కకి ఆపి, నిచ్చెన దిగి, ఎటు నడవాలో తెలియక అక్కడే నిలబడ్డాను. ఒక జీపు నాకోసం జరిగి వెళ్ళింది. ఎత్తుకుపోయే వాళ్ళందరూ కిలేపాల్ వాళ్ళలా ఉండరు. ఎవరితో కూర్చుని కొత్త బియ్యం తినాలో, ఎవర్ని బతిమాలాలో తెలిస్తే నేను ఆ అడవికి నడిచే వెళ్ళేవాణ్ణి.

తర్వాతి దసరాకి కారు తియ్యలేదు. ముందు రోజే బస్సులో వెళ్ళి, దశమి నాడు తెల్లారగానే సిరాసార్ చౌక్‌లో ఆవిడ పాత నేతచీర పరిచాను. సగంలో నేను కూర్చున్నాను. సగం వదిలేశాను. నా పక్కన చింతలనార్ వైపునుంచి వచ్చిన ఓ పెద్దామె మూటతో కూర్చుంది. ఈ ఖాళీ చోటు ఎవరిదయ్యా అని అడిగింది. చెప్పాను. ఆమె మూట తన ఒళ్ళోకి తీసుకుంది. రోజంతా ఒళ్ళోనే పెట్టుకుంది, చీర మీద పెట్టలేదు. మధ్యాహ్నం నా చేతిలో ఉడికించిన కందగడ్డ ముక్క పెట్టింది. ఎండ ఉంది గానీ నేను భయపడినంత లేదు. చౌక్ పక్క మేడ నీడ పన్నెండింటికే చీర మీదికి వచ్చేసింది. ఆవిడ చెప్పినట్టే, ఇందులో ట్రాఫిక్ ఎక్కడా లేదు.

సాయంత్రం జనం కిక్కిరిసిపోయారు. అప్పుడు ఒక కానిస్టేబుల్ రెండు ప్లాస్టిక్ కుర్చీలు తల మీద ఎత్తి పట్టుకుని, జనాన్ని మోకాళ్ళతో తప్పిస్తూ వచ్చాడు. ఎవరో సాబ్ ఇంటివాళ్ళకి చోటు కావాలి. ఈ మనిషి పోయినేటి మనిషి కాకపోవచ్చు, టోపీ మాత్రం అదే. చీర ఖాళీ సగం చూసి, ఇక్కడెవరు కూర్చున్నారని హిందీలో అడిగాడు.

మా ఆవిడ అన్నాను.

ఎక్కడుంది అన్నాడు.

"ఘూమ్‌కే ఆ రహీ హై," అన్నాను. చుట్టు తిరిగి వస్తోంది. "పోయినేడు మీవాళ్ళే చుట్టు తిరిగి రమ్మన్నారు సాబ్. ఇంకా రాలేదు."

అతనికి అర్థం కాలేదు. కుర్చీలు దించబోయాడు. పెద్దామె మూట మీద చెయ్యి వేసుకుని అతని మొహంలోకి చూస్తూ, మనిషుంది ఆడ, అంది. తెలుగు రాకపోయినా ఆ గొంతు అర్థమైనట్టుంది. డోళ్ళు దగ్గరపడుతున్నాయి. కానిస్టేబుల్ ఇటు చూశాడు, అటు చూశాడు.

నేను చెయ్యి చాపి, ట్రాఫిక్ వాళ్ళు చూపించినట్టే మర్యాదగా, చౌక్ అవతలి చివరిదాకా చూపించాను.

"ఆగే సే ఘూమ్‌కే జావో, సాబ్."

కుర్చీలు మళ్ళీ తల మీదికెత్తి, చీర అంచు తొక్కకుండా, అతను చుట్టు తిరిగి వెళ్ళాడు.