మా పసుపు షెడ్డులో దొరసాని

మా బామ్మర్ది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ వస్తువు కొన్నా ముందు ఫోటో తీసి నలుగురికీ పంపిస్తాడు. దానితో ఏం చెయ్యాలన్నది తర్వాత ఆలోచిస్తాడు. గిటారు అలాగే కొన్నాడు. ఇంట్లోనే పరుగెత్తే మెషిన్ కొన్నాడు, ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాడు. కుక్కపిల్లనూ అదే పద్ధతిలో కొన్నాడు. తీరా చూస్తే అది తువ్వాలు కప్పితే ఊరుకునే రకం కాలేదు. లిఫ్టు చప్పుడైతే మొరిగింది. పక్క ఫ్లాటులో కుక్కర్ కూస్తే మొరిగింది. అపార్టుమెంటు అసోసియేషన్ పెద్దమనిషి ఫిర్యాదు చెప్పడానికి వస్తే ఆయన మీద ప్రత్యేకంగా మొరిగింది. అప్పుడు మావాడికి అక్కాబావల మీద హఠాత్తుగా ప్రేమ పొంగి, ఒక ఆదివారం కారేసుకుని ఆర్మూరు వచ్చాడు.

వెనక సీట్లోంచి ఒక బుట్ట దించాడు. బుట్టలోంచి ఒక ఎర్ర రిబ్బను, దాని కింద బోలెడు వెంట్రుకలు, ఆ వెంట్రుకల్లో ఎక్కడో రెండు కళ్లు బయటికి వచ్చాయి. మా అమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తి చూసింది.

"గిదేంది బిడ్డా? కుక్కనా, బూజుకర్రనా?"

"యార్క్‌షైర్ టెరియర్ అత్తమ్మా. ఇంగ్లండు జాతి" అన్నాడు బామ్మర్ది.

"ఇంగ్లండుల చీపురుకట్టలు దొరకయా?" అని అమ్మ మళ్లీ బియ్యంలో పడింది.

కొన్ని రోజులే ఉంచుకోమన్నాడు. ఆ కొన్ని రోజులకు కావలసిన సరంజామా చూస్తే నాకు పెళ్లివారి విడిది గుర్తొచ్చింది. రెండు రకాల దువ్వెనలు, షాంపూ, పళ్లు తోమే చిన్న బ్రష్షు, వానకోటు, రిబ్బన్ల డబ్బా. ఇక సూచనలు మొదలుపెట్టాడు.

"అక్కా, దీనికి రోజూ దువ్వాలె. గిది మామూలు కుక్క బొచ్చు గాదు, మన జుట్టు లెక్క పెరుగుతనే ఉంటది. దువ్వకుంటే జడలు గడతది. మెడకు పట్టా కట్టొద్దు, గొంతు నాజూకు, గుంజితే దగ్గొస్తది. ఛాతీకి కట్టే పట్టీనే కట్టాలె. ఒక్కసారి మస్తు పెట్టొద్దు, జర జర పెట్టాలె. కడుపు ఖాళీగుంటే షుగర్ పడిపోయి సొమ్మసిల్లుతది. ఉల్లిగడ్డ, చాక్లెట్ అసలే వద్దు."

నా భార్య తమ్ముడి మాటలను పురాణం విన్నంత శ్రద్ధగా వింది. మా పెళ్లయి ఇన్నేళ్లలో నేను చెప్పిన ఏ సంగతీ ఆమె అంత నిశ్శబ్దంగా విన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అమ్మ మాత్రం ఒకే ప్రశ్న వేసింది.

"దానికి తలంటు పోసెటిది ఎవరు?"

"వారానికోసారి అక్క పోస్తది అత్తమ్మా."

"మంచిగున్నది. నా మోకాళ్లకు జండూబాం రాసెటందుకు గామెకు టైం దొరకది."

కుక్కకు హైదరాబాదులో పెట్టిన పేరు ఒకటి ఉంది. మూడు మాటల ఇంగ్లీషు పేరు. అమ్మకు అందులో ఒక్క మాట కూడా నోరు తిరగలేదు. "ఓ పిల్లా" అనేది. వంటింట్లోకి, దేవుడి అర్రలోకి రాకూడదని మొదటి రోజే శాసనం చేసింది. పిల్ల ఆ శాసనాన్ని గౌరవించి, సరిగ్గా వంటింటి గడప మీద పడుకుంది. ముక్కు లోపల, తక్కిన శరీరం బయట.

దాని స్వభావం నాకు మర్నాడే తెలిసింది. మాది ఆలూర్ వెళ్లే దారిలో ఊరి చివరి ఇల్లు. పక్కింటివాళ్ల బర్రె రోజూ మా గేటు ముందు నుంచే మేతకు వెళుతుంది. ఆ బర్రె తల ఒక్కటే ఈ కుక్కకు నాలుగింతలు ఉంటుంది. పిల్ల గేటు కింది సందులోంచి దూరి, దారికి అడ్డంగా నిలబడి, అటు ముంబై నుంచి ఇటు మద్రాసు దాకా భూమి అంతా తన పేరు మీదే పట్టా అయినట్టు మొరిగింది. బర్రె ఆగింది. ఆలోచించింది. వెనక్కి తిరిగి చుట్టు దారిన పోయింది. ఆ తర్వాత ట్రాక్టరును తరిమింది. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే దానితో గంటసేపు వాదించింది. డ్రమ్ము ఆపేసరికి తానే గెలిచానని నిర్ణయించుకుని వచ్చి నీళ్లు తాగింది.

మేం అప్పుడే పసుపు ఉడకబెట్టి ఆరబోసి పాలిష్ చేయిస్తున్నాం. ఆ దుమ్ములో ఒక పూట తిరిగితే ఇంగ్లండు దొరసాని కాస్తా బోనాలకు బయల్దేరిన పిల్లలా అయ్యేది. నా భార్య తలంటు పోసేది, దువ్వేది, రిబ్బను కట్టేది, తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపించేది. ఫోను పెట్టేసేలోపు అది మళ్లీ పసుపు రాశిలో ఉండేది.

ఒక మధ్యాహ్నం పని లేక ఫోనులో దీని చరిత్ర చదివాను. ఈ మహారాణి వంశం తవ్వితే రాజమహలేమీ బయటపడలేదు. వెనకటికి స్కాట్లండు నుంచి నేతపనివాళ్లు బతుకుదెరువు కోసం యార్క్‌షైరు బట్టల మిల్లులకు వలస వచ్చారట. వస్తూ వస్తూ చిన్న చిన్న కుక్కలను వెంట తెచ్చుకున్నారట. ఎందుకయ్యా అంటే మిల్లుల్లో ఎలుకలు పట్టడానికి. తర్వాత ఎప్పుడో గొప్పింటి ఆడవాళ్ల కన్ను వీటి జుట్టు మీద పడింది. పని మాన్పించి ఒళ్లో కూర్చోబెట్టారు. రిబ్బన్లు అప్పుడు వచ్చాయి.

ఇదంతా అమ్మకు చెప్పాను.

"అంటే కూలోళ్ల కుక్కనా? మరి గిన్ని రోజులు గీ షోకులేంది?" అంది అమ్మ. చెప్పింది చాలక ఇంకోటి కలిపింది: "ఎలుకలు పట్టేదైతే మన షెడ్డుల పందికొక్కులు కనవడతలేవా దానికి?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఇంటి వెనక షెడ్డులో ఒక పక్క పసుపు, ఇంకో పక్క మక్కల సంచులు, అదే మొక్కజొన్నలు, ఉన్నాయి. పందికొక్కులు నేలంతా తవ్విపోశాయి. మాకు ఒక పిల్లి ఉండేది గానీ, అది పెరుగన్నం తిని సంచుల మీద పడుకుని, కింద పందికొక్కులు తవ్వుతుంటే ఆ ఊపుకు హాయిగా నిద్రపోయేది. మందు పెడదామంటే కుక్క తింటుందని నా భార్య వద్దంది. అలా బామ్మర్ది కుక్కను కాపాడడం కోసం మేం ఊళ్లో పందికొక్కులన్నిటినీ కాపాడవలసి వచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నా భార్య కుక్కకు రిబ్బను కట్టి, తమ్ముడికి వీడియో కాల్ కలిపింది. అవతల అతను ముద్దు మాటలు మొదలుపెట్టాడు. పిల్ల ఉన్నట్టుండి చెవులు నిక్కించింది. ఒక్క దూకుతో ఒళ్లోంచి దిగి షెడ్డులోకి పరుగెత్తింది. నా భార్య ఫోనుతో సహా దాని వెనకాల, నేను ఆమె వెనకాల.

మక్క సంచుల మధ్య నుంచి ఒక పందికొక్కు వచ్చింది. కుక్కలో సగం ఉంది. పిల్ల మొరగలేదు. నేను దాన్ని మొరగకుండా చూడడం అదే మొదటిసారి. నేల మీద పొట్ట ఆనించి, ఒక్కసారిగా వెళ్లి మెడ పట్టుకుంది. పందికొక్కు తిరగబడి మూతి మీద కరిచింది. అయినా వదల్లేదు. తల అటూ ఇటూ విదిలించింది. రిబ్బను ఊడి ఎగిరిపోయింది.

"అక్కా! ఆపక్కా! దాన్ని ఎత్తుకోవే!" అని ఫోనులో బామ్మర్ది అరుస్తున్నాడు. వాళ్లక్క భయంతో మక్క సంచుల మీదికెక్కి నిలబడి, తమ్ముడికి మాత్రం ఏ దృశ్యమూ తప్పిపోకుండా ఫోను పట్టుకుంది.

అంతా అయిపోయాక పిల్ల పందికొక్కును ఈడ్చుకుంటూ వచ్చి వంటింటి గడప ముందు పడేసింది. మూతి నుంచి రక్తం కారుతోంది. తోక మాత్రం ఊగుతోంది. అమ్మ చచ్చిన పందికొక్కును చూసింది, కుక్కను చూసింది. కుక్కను చంకకెత్తుకుని, తాను పెట్టిన శాసనం తానే దాటి, వంటింట్లోకి తీసుకుపోయి గాయం కడిగి పసుపద్దింది. నా వైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్? బండి తియ్యి, దవాఖానకు పోదాం" అంది.

పశువుల దవాఖానలో మా ముందు రెండు బర్రెలు, ఒక ఎద్దు ఉన్నాయి. బర్రెను పట్టుకున్న ఒక రైతు అమ్మ ఒళ్లోకి తొంగిచూసి, "అవ్వా, పూటకు ఎన్ని పాలిస్తది?" అని అడిగాడు.

"పాలియ్యది. పందికొక్కుల సంపుతది. నీ బర్రె సంపుతదా?" అంది అమ్మ.

డాక్టరు గాయం శుభ్రం చేసి సూది వేశాడు. ఎలుకల నుంచి జ్వరాలు వస్తాయని, వాటికి టీకా ఉందని, అది తప్పకుండా వేయించాలని చెప్పాడు. ఆ జుట్టును చూసి, "గింత పొడుగుంటే ముళ్లు పట్టుకుంటయి, పుండైనా కనవడది. కత్తిరించుండ్రి, ఎండకాలం పానం జర హాయిగుంటది" అన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మ తన జాకెట్లు కుట్టే కత్తెరతో ఆ పని పూర్తిచేసింది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. రిబ్బన్ల డబ్బాలో అప్పటి నుంచి సూదులు, దారం ఉంటున్నాయి. నా భార్య ఒక రోజు ఏడ్చింది, రెండో రోజు నుంచి దువ్వే పని తప్పిందని సంతోషించింది. పిల్ల షెడ్డులో ఉద్యోగంలో చేరింది. ఉడికిన గుడ్డు మొదట దానికి, తర్వాత నాకు. పిల్లి అలిగి పక్కింటికి మకాం మార్చింది.

వానలు పోయి కొత్త మక్కలు వచ్చే వేళకు బామ్మర్దికి సంబంధం కుదిరింది. అమ్మాయి అతని ఫోటోల్లో కుక్కను చూసి, "జంతువులంటే ఇంత ప్రేమున్న మనిషి" అని సరే అందట. ఆ ప్రేమకు రుజువు ఆర్మూరులో పందికొక్కుల వెంట తిరుగుతున్న సంగతి అతను ఆమెకు చెప్పినట్టు లేదు. ఇద్దరూ కలిసి కుక్కను తీసుకుపోవడానికి వచ్చారు.

పిల్ల షెడ్డులోంచి ఎదురొచ్చింది. ఒళ్లంతా మట్టి, ఒక చెవి దగ్గర జుట్టే లేదు. బామ్మర్ది దాన్ని చూసి, "బావా, నా కుక్క ఏది?" అన్నాడు.

అమ్మాయి పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. అందరి ముందూ మాట పోతుందని కుక్కను కారెక్కించుకున్నాడు. అమ్మ వద్దనలేదు. "నీది నువ్వు తీస్కపోతున్నవ్, నాదేం పోయింది" అని లోపలికి వెళ్లింది. కారు మలుపు తిరిగేదాకా మొరుగుడు వినిపించింది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఎందుకని అడిగితే కూరలో ఉప్పు ఎక్కువైందంది. కూర ఆమే వండింది.

ఇంతలో ఫోను మోగింది.

"బావా, ఇందల్వాయి కాడున్న. మక్క కంకుల కోసం అద్దం దించితే దుంకింది. రోడ్డు పక్కన చొప్ప కుప్పల దూరింది. పిలిస్తే వస్తలేదు."

నేను చెప్పులేసుకునేసరికి అమ్మ అప్పటికే మోటారు సైకిలు దగ్గర కొంగు బిగించి నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పుల ప్రస్తావనే లేదు. జక్రాన్‌పల్లి దాటేదాకా నా భుజం మీదుగా ముందుకే తొంగిచూస్తూ కూర్చుంది. దాటాక, "జర జల్ది తోలు. లారీలు తిరిగే రోడ్డు" అంది.

ఇందల్వాయి దగ్గర రోడ్డు పక్కన మక్కలు ఆరబోసుకున్న రైతులు పని ఆపి తమాషా చూస్తున్నారు. కొత్త బూట్లతో, చేతిలో బిస్కెట్ ప్యాకెట్‌తో బామ్మర్ది చొప్ప కుప్ప చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ ఆ మూడు మాటల ఇంగ్లీషు పేరును పూర్తిగా, స్పష్టంగా పిలుస్తున్నాడు. కుప్ప పలకడం లేదు.

అమ్మ బండి దిగి, నడుం పట్టుకుని నిలబడి, "ఓ పిల్లా! ఇంటికి పోదాం దా" అంది.

చొప్ప కదిలింది. మట్టి మూతితో పిల్ల బయటికొచ్చి అమ్మ కాళ్ల మధ్య చేరింది. అమ్మ వంగలేక అక్కడే నేల మీద కూర్చుండిపోయి దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"దొంగది! పెంచింది నేను, పోయింది గక్కడికి" అన్నాడు బామ్మర్ది.

"నువ్వు పెంచలే బిడ్డా. కొన్నవ్" అంది అమ్మ.

అమ్మాయి ముందుకొచ్చి, "దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి అత్తమ్మా. ఈయన్ని పెంచుకునే సరికే నాకు సరిపోతది" అంది. రైతులు నవ్వారు. మావాడు కూడా, ఇక తప్పదన్నట్టు, నవ్వాడు. పెళ్లి బాగానే జరిగింది. ఇప్పుడు వాళ్లింట్లో చేపల తొట్టి ఉంది. చేపలు మొరగవు గనుక అసోసియేషన్‌కు అభ్యంతరం లేదు.

పిల్లకు ఇప్పుడు వయసు మీద పడింది. ఈ జాతికి చిన్న నోట్లో పళ్లు కిక్కిరిసి తొందరగా పాడవుతాయట. ఆ బ్రష్షును మేం దేనికి వాడామో చెప్పను గానీ, దాని పళ్లకు మాత్రం కాదు. డాక్టరు కొన్ని పీకేశాడు. అయినా షెడ్డులో చప్పుడైతే లేస్తుంది. ఎండలకు మాత్రం తట్టుకోలేదు, నాలుక బయట పెట్టి రొప్పుతుంది. అందుకని ఈ ఏడు కూలర్ కొన్నాం. నిన్న మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి దాని ముందు మంచం వాల్చుకున్నాను. అమ్మ వచ్చి నిలబడింది.

"జర గటు జరుగు బిడ్డా. దానికి గాలి తాకుతలేదు."

జరిగాను.