తేలు మునిగేదాకా

తొలకరి పడిన మర్నాడు నర్సవ్వ చేను నడుమ గొంతుక్కూర్చుంటుంది. గాజులు మోచేతి దాకా తోసుకుని, వేళ్లతో తవ్వుకుంటూ కుడిచెయ్యి నిలువునా నేలలోకి దించుతుంది. పొడిమట్టి తగలగానే ఆపేస్తుంది. మణికట్టుకు కాస్త పైన చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు తేలు ఉంది. ఆ తేలు మునిగేంత లోతు తడి ఉంటేనే పత్తి గింజ పెడుతుంది. పోయినేడు బోథ్ చుట్టుపక్కల అందరూ మొదటి జల్లుకే గింజలు పెట్టారు. ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేక మొలకలన్నీ మాడిపోయాయి. అంతకుముందు, గింజ పెట్టకుండా ఆగిన నర్సవ్వను చూసి అందరికంటే గట్టిగా నవ్వినవాడు పక్కచేను సదానందం.

ఈసారి మొదటి వానకే కోడలు జమున గింజల సంచీతో వచ్చింది. "ఊర్ల సగం మంది పెట్టిన్రు అత్తా. మనమే ఎనుకపడ్తం."

నర్సవ్వ వేళ్లు సగం దిగి ఆగిపోయాయి. "తేలు ఇంక మునుగలే బిడ్డా. జర ఆగు."

తొమ్మిది రోజులు ఆగారు. పదోనాడు పొద్దంతా వాన కురిసింది. తెల్లారి సదానందం గట్టు మీదికొచ్చి, విప్పని గింజల సంచీ కిందపెట్టి తల గోక్కున్నాడు. "చిన్నమ్మా, మా చేన్ల గూడ జర చెయ్యి పెట్టి సూడరాదు."

"ఈయేడు నవ్వవా?" అంటూనే నర్సవ్వ అతని చేలో కూర్చుని చెయ్యి దించింది. వేళ్లు మునిగాయి, మణికట్టు మునిగింది, తేలు మునిగింది. చెయ్యి తీయకుండానే జమునను కేకేసింది. జమున అప్పటికే తమ చేలో నిలబడి కొంగులో గింజలు పోసుకుంటోంది.